వినపడని సలాంకు బదులు

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఆరేళ్ళు కార్ల ఏసీలు బాగుచేశాను. నా పేరు రత్నరాజు. షెడ్డు బోర్డు మీద కూడా అదే ఉండేది గానీ అందరూ ఏసీ రత్నం అనే పిలిచేవారు. పోయినేడు షెడ్డు ఇంకొకరికి అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ, ఈ పని నేర్చుకునేవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పమని మా చర్చివాళ్ళు అడిగితే వారానికోసారి వాళ్ళ ఐటీఐకి వెళ్తున్నాను. అక్కడ అందరూ అడిగేది ఒకటే: ఏ బండికి గ్యాసు ఎంత పట్టాలి, ఏ కంప్రెసర్ మంచిది. వాటికి జవాబులు మీ ఫోనులోనే దొరుకుతాయి. ఫోనులో దొరకనిది ఒకటి రాద్దామని ఇప్పుడు పెన్ను పట్టుకున్నాను. ఇందులో నా గొప్పలేమీ లేవు. నేను చేసిన ఒక తప్పుడు పని ఉంది. దాన్ని పట్టుకున్న ఒక అక్కయ్యగారు ఉన్నారు.

రహీమ్ భాయ్ షెడ్డు

మా గురువు రహీమ్ భాయ్. ఐటీఐ పూర్తయ్యాక ఆయన దగ్గర చేరాను. పొట్టి మనిషి, పెద్ద గొంతు. తప్పు చేస్తే చెడామడా తిట్టేవారు. తిట్టిన కాసేపటికి టీ తెప్పించి తన గ్లాసులోంచి సగం నాకు పోసేవారు. ఆ టీ తాగుతున్నంతసేపూ మళ్ళీ తిట్టేవారు.

మొదటి రోజు నా చేతికి స్పానర్ ఇవ్వలేదు. బోనెట్ ఎత్తిన ఒక కారు పక్కన నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. ఆయన లోపల కూర్చుని ఏసీ స్విచ్ నొక్కారు. ఇంజన్ రొదలోంచి టక్ మని చిన్న చప్పుడొచ్చింది.

“వినపడిందా?”

“ఏదో టక్ మందండీ.”

“టక్ కాదురా. సలాం చెప్పింది. ఏసీ పనిలోకి దిగేముందు క్లచ్ మనకి సలాం చెప్తది. ఎవరైనా సలాం చెప్తే ఏం చెయ్యాలి? బదులు చెప్పాలి.”

అలా అని ఆయన కంప్రెసర్ వైపు తిరిగి, “వాలేకుం సలాం” అన్నారు. నవ్వకుండా అన్నారు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. ఇంజన్ నడుస్తున్నంతసేపూ కంప్రెసర్ ముందున్న పుల్లీని బెల్టు తిప్పుతూనే ఉంటుంది. కానీ ఆ పుల్లీ ఉత్తినే తిరుగుతుంది, కంప్రెసర్ తిరగదు. మీరు ఏసీ స్విచ్ నొక్కితే పుల్లీ వెనకున్న కాయిల్‌కు కరెంటు వెళ్ళి అది అయస్కాంతంగా మారుతుంది. ఎదురుగా వెంట్రుకవాసి ఎడంలో ఉన్న ఇనప ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది. అప్పుడు వచ్చే చప్పుడే ఆ టక్. అక్కణ్ణుంచి పుల్లీతో పాటు కంప్రెసర్ కూడా తిరిగి చల్లగాలి వస్తుంది. ఈ ఏర్పాటునే ఏసీ క్లచ్ అంటారు. బండి నడుస్తుండగా లోపల తగినంత చల్లబడితే అది తనంతట తానే వదులుతుంది, మళ్ళీ వేడెక్కితే టక్ మని పడుతుంది. కాలితో తొక్కే క్లచ్‌కూ దీనికీ సంబంధం లేదు.

మా షెడ్డులో సలాం అనేది పనిమాట అయిపోయింది. “సలాం ఉందా?” అంటే క్లచ్ పడుతోందా అని అర్థం. సలాం లేకపోతే కాయిల్ వైరు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడాలి. దీపం వెలిగితే కరెంటు అక్కడిదాకా వస్తోంది, తప్పు క్లచ్‌లోనే ఉంది. వెలగకపోతే ఫ్యూజు, రిలే, వైర్లు అన్నీ చూసుకుంటూ వెనక్కి వెళ్ళాలి. గ్యాసు బాగా తగ్గినా కరెంటు ఆపేసే స్విచ్ ఒకటుంటుంది, దాన్నీ చూడాలి. రహీమ్ భాయ్ చనిపోయేదాకా ప్రతి సలాంకూ బదులు చెప్పారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేమందరం, ఏ మతంవాళ్ళమైనా, ఆ అలవాటు పట్టుకున్నాం. నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక కూడా స్విచ్ నొక్కగానే ఆ మాట నోటికి వచ్చేసేది. వచ్చినవాళ్ళు నవ్వుకునేవారు, నాకూ సరదాగా ఉండేది.

గ్యాస్ అనే మాట

ఏసీ మెకానిక్కులు వాడి వాడి పాడుచేసిన మాట గ్యాస్. పెట్రోల్ ఖర్చయిపోయినట్టు గ్యాస్ ఖర్చయిపోదు. ఎక్కడో లీకయితేనే తగ్గుతుంది. ఆ లీకు ఎక్కడో వెతకకుండా “గ్యాస్ అయిపోయిందండీ” అని నింపి పంపేవాడికి తన షెడ్డులో చోటు లేదని రహీమ్ భాయ్ అనేవారు. నా షెడ్డులోనూ నేను అదే అనేవాణ్ణి. యాభై దాటేదాకా ఆ మాట మీదే ఉన్నాను.

యాభై దాటాక నా చెవులు మందగించాయి. అన్నేళ్ళు ఎయిర్ గన్నుల మోత మధ్య, ఇంజన్ల మీద తల పెట్టి పనిచేశాను మరి. మనుషుల మాటలు ఫరవాలేదు గానీ సన్నటి చప్పుళ్ళు ఒక్కొక్కటే పోయాయి. ముందు గోడ గడియారం పోయింది. తర్వాత బండి ఇండికేటర్ టిక్కుటిక్కు పోయింది. ఆ తర్వాత క్లచ్ టక్కు. ఇంట్లో మా ఆవిడ మేరీ, “మన టీవీ పక్కింటివాళ్ళకి కూడా సరిపోతోంది, వాళ్ళది అమ్మేసుకోమని చెప్పనా?” అనేది. నవ్వేసి ఊరుకునేవాణ్ణి.

ఏసీ రత్నం చెవితోనే రోగం పట్టేస్తాడని ఆటోనగర్‌లో నాకు పేరు. ఆ చెవే పోయిందని ఏ ముఖంతో చెప్పను? బోనెట్ ఎత్తి ఉంటే ఇబ్బంది లేదు, ప్లేటు తిరుగుతోందో లేదో కళ్ళతో చూడొచ్చు. ఇబ్బందంతా బండిలో కూర్చుని రోడ్డు మీద చూడాల్సి వచ్చినప్పుడే. అందుకని రోడ్డు మీదకు వెళ్ళడమే మానేశాను. ఎవరైనా రమ్మంటే పని ఎక్కువగా ఉందనేవాణ్ణి. షెడ్డులో తప్పు దొరక్కపోతే గ్యాస్ తగ్గిందనేవాణ్ణి. అన్నిటికంటే సిగ్గుపడే సంగతి ఇంకోటుంది. స్విచ్ నొక్కిన తర్వాత ఒక్క క్షణం ఆగి, వినపడకపోయినా సరే, “వాలేకుం సలాం” అనేవాణ్ణి. పక్కనున్నవాళ్ళు నాకు వినపడిందనుకునేవారు.

కంకిపాడు నుంచి వచ్చిన కారు

అలాంటి రోజుల్లో, ఎండలు ముదురుతుండగా, కంకిపాడు నుంచి శ్రీనివాసరావుగారు తన కారు తీసుకొచ్చారు. అక్కడ పాలకేంద్రంలో పనిచేస్తారు. కారు సెకండ్ హ్యాండుది. అది కొన్నది వాళ్ళక్కయ్య సరోజినిగారి కోసమే. ఆవిడ కంకిపాడు సెంటర్లో ముప్ఫై ఏళ్ళకు పైగా కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టి తమ్ముణ్ణి పెంచి పెద్దచేశారు. ఇప్పుడు ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాస్పిటల్లో డయాలసిస్. పొద్దున్నే తమ్ముడు తీసుకొస్తారు, అంతా అయ్యి తిరుగుముఖం పట్టేసరికి ఒంటిగంట అవుతుంది.

“పొద్దున వచ్చేటప్పుడు ఐస్‌లా ఉంటదండీ,” అన్నారు శ్రీనివాసరావుగారు. “తిరిగి వెళ్ళేటప్పుడు పోరంకి వచ్చేసరికి వేడిగాలి కొడతది. ఇంటికెళ్ళి సాయంత్రం వేస్తే మళ్ళీ శుభ్రంగా పనిచేస్తది.”

ఈ మూడు వాక్యాలు మీరు ఇంకోసారి చదవండి. రోగం మొత్తం వాటిలోనే ఉంది. నేను వాటిని విన్నాను, వదిలేశాను. బోనెట్ ఎత్తాను, స్విచ్ వేయించాను. ప్లేటు చక్కగా తిరిగింది, లోపల చల్లగా ఉంది. గ్యాస్ కాస్త తగ్గిందని చెప్పి నింపి పంపాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. ఈసారి హాస్పిటల్‌కు వెళ్తూ దారిలో ఆగారు. వెనక సీట్లో సరోజినిగారు దిండు పెట్టుకుని కూర్చున్నారు. నేను బోనెట్ దగ్గర నుంచుని అలవాటుగా వాలేకుం సలాం అనేసరికి ఆవిడ అద్దం దించి, “ఎవరికి చెప్తున్నారు మేస్త్రీగారూ?” అని అడిగారు. రహీమ్ భాయ్ సంగతి చెప్పాను. ఆవిడకు భలే నవ్వొచ్చింది.

“మా మిషన్‌కి కూడా భాష ఉండేదండీ. సూది మొద్దుబారితే గుడ్డలో దిగే చప్పుడే మారిపోయేది. కుట్టు చూడక్కర్లేదు, వింటే చాలు.”

ఆ రోజు కూడా షెడ్డులో ఏ తప్పూ దొరకలేదు. ఇంకాస్త గ్యాస్ పట్టించాను. అది ఇంకా పెద్ద తప్పు. అవసరానికి మించి గ్యాస్ పడితే కంప్రెసర్ మీద బరువు పెరుగుతుంది, అప్పటికే ఓపిక లేని క్లచ్‌కు ఇంకా కష్టమవుతుంది.

మూడోసారి శ్రీనివాసరావుగారు ఒక్కరే వచ్చారు. కంప్రెసర్ మార్చాలని చెప్పడానికి నేను మనసులో సిద్ధపడి ఉన్నాను. అక్కయ్యగారు ఏరని అడిగాను.

“రానందండీ,” అన్నారాయన. అది డయాలసిస్ చేయించుకోవాల్సిన రోజు. “అది అయ్యాక అసలే నీరసంగా ఉంటది. ఎండకి చెమట పట్టేసి నోరెండిపోతది. పోనీ నీళ్ళు తాగుదామంటే కొలత, రోజుకింతే అని. మొన్న పెనమలూరు దగ్గర కళ్ళు తేలేసింది. అద్దాలు దించితే వడగాలి. ఎండలు తగ్గేదాకా వారానికి ఒక్కసారి చాల్లేరా అంటంది. ఒక్కటి మానినా ప్రాణం మీదికొస్తదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.”

ఆయనకు కోపం లేదు. ఉంటే బాగుండేది. షెడ్డులో స్టూలు మీద కూర్చుని కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, “మీరొక్కసారి మాతో వచ్చి చూస్తే బాగుండేదండీ,” అన్నారు.

పని ఎక్కువగా ఉందన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ తాళాలు చూసి మింగేశాను. సాయంత్రానికి ఆవిణ్ణి ఒప్పించమన్నాను. రేపు ఎలాగోలా హాస్పిటల్‌కు తీసుకురమ్మని, ఒంటిగంటకు నేనే వచ్చి బండి ఎక్కుతానని చెప్పాను.

పోరంకి దగ్గర

మెకానిక్ స్వయంగా వస్తున్నాడంటే ఆవిడ ఒప్పుకున్నారట. మర్నాడు ఒంటిగంటకు నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఆవిడ కళ్ళు మూసుకుని దిండు మీద వాలారు. ఒళ్ళో చిన్న నీళ్ళ సీసా ఉంది. ఎక్కడిదాకా తాగొచ్చో దానిమీద స్కెచ్ పెన్నుతో గీత గీసి ఉంది. నేను మా షెడ్డులో పూటకో బిందెడు నీళ్ళు తాగే మనిషిని. ఆ గీతనుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి, ఆటోనగర్ దాటి, కానూరు దాకా గాలి చల్లగానే ఉంది. తాడిగడప దాటాక నా చేతి మీద పడే గాలి వెచ్చబడింది.

“ఇదిగోండి, మొదలైంది,” అన్నారు శ్రీనివాసరావుగారు.

స్విచ్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ వేయమన్నాను. ఆయన వేశారు. నేను ఒక్క క్షణం ఆగాను. తర్వాత, “వాలేకుం సలాం,” అన్నాను. “క్లచ్ పడుతోందండీ. అంటే కంప్రెసరే…”

“అది సలాం చెప్పలేదు కదండీ,” అని వెనకనుంచి సరోజినిగారు అన్నారు.

“చెప్పిందమ్మా.”

“లేదండీ. కానూరు సెంటర్లో ఒకసారి చెప్పింది. అదే ఆఖరు. శ్రీనూ, ఇంకోసారి నొక్కరా.” ఆయన నొక్కారు. “ఇప్పుడూ లేదు.”

శ్రీనివాసరావుగారు నావైపు చూశారు. “నాకూ ఏం వినపళ్ళేదండీ,” అన్నారు మొహమాటంగా.

నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ, తమ్ముడితో మాట్లాడినంత నెమ్మదిగా, “మేస్త్రీగారూ, మీకు సరిగ్గా వినపడదు కదూ?” అన్నారు.

నేనేమీ అనకముందే ఆవిడే మళ్ళీ అందుకున్నారు.

“నాకు చూపు తగ్గినప్పుడు సూదిలో దారం ఎక్కించడం వచ్చేది కాదండీ. ఎవరికీ చెప్పలా. అలవాటు మీద కుట్టేసేదాన్ని. ఒక పెళ్ళికూతురి జాకెట్టుకి చంక దగ్గర కుట్టు తప్పింది. పీటల మీద కూర్చున్నాక విడిపోయిందట. పాపం ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా చెయ్యెత్తలేదు. తలంబ్రాలు కూడా ఒంటిచేత్తోనే పోసిందట. అది తెలిశాక వెళ్ళి కళ్ళజోడు పెట్టించుకున్నా. ముందే చెప్పి ఉంటే ఏం పోయేదండీ?”

ఆ నీరసంలో అన్ని మాటలు మాట్లాడేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. ఆవిడ ఈ ఎండలో ఇలా అలిసిపోతున్నది నా అబద్ధం వల్లే. అయినా నన్ను తిట్టడం మానేసి నా సిగ్గు పోగొట్టాలని చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోలేదు.

“అవునమ్మా,” అన్నాను. “వినపడదు. చాలా రోజులైంది.” ఆ మాట మా ఆవిడతో కూడా అనలేదు నేను.

పోరంకిలో ఒక టింబర్ డిపో గోడ నీడన బండి ఆపించాను. ఇంజన్ నడుస్తుండగానే బోనెట్ ఎత్తి చూశాను. పుల్లీ గిర్రున తిరుగుతోంది, ముందున్న ప్లేటు కదలకుండా నిలబడి ఉంది. కాయిల్ వైరు దగ్గర ల్యాంప్ పెడితే వెలిగింది. కరెంటు వస్తోంది, కాయిల్ లాగుతోంది, ప్లేటుదాకా దాని బలం చాలడం లేదు. సుత్తి కర్రతో ప్లేటును మెల్లగా పుల్లీ వైపు తట్టాను. తిరిగే బెల్టు దగ్గర ఇలా చెయ్యి పెట్టడం ప్రమాదం, నేను చేశానని మీరు చేయవద్దు. ఇంజన్ ఆపి ఫీలర్ గేజితో ఎడం కొలిస్తే అదే సంగతి తెలుస్తుంది. తట్టగానే ప్లేటు అతుక్కుని తిరగడం కళ్ళతో చూశాను. లోపలినుంచి, “చెప్పింది! సలాం చెప్పింది!” అని సరోజినిగారు కేకేశారు. ఆ కేక మాత్రం నాకు బాగా వినపడింది.

కంకిపాడు చేరేలోపల అది ఇంకో రెండుసార్లు వదిలేసింది. రెండుసార్లూ గాలి వేడెక్కకముందే ఆవిడే చెప్పారు. ఆగడం, తట్టడం, మళ్ళీ బయల్దేరడం. వాళ్ళింటి ముందు దిగేటప్పుడు ఆవిడ నీళ్ళ సీసాలో నీళ్ళు గీతకు ఇంకా పైనే ఉన్నాయి.

ఒక్క వాషరు

మర్నాడు పొద్దున్నే శ్రీనివాసరావుగారు బండి తెచ్చారు. ఏళ్ళ తరబడి రాసుకుని ప్లేటు అరిగిపోయింది. అరిగినకొద్దీ పుల్లీకీ దానికీ ఎడం పెరిగింది. పొద్దున కాయిల్ చల్లగా ఉన్నప్పుడు దానికి బలం ఉంటుంది, ఆ ఎడం దాటి లాగేస్తుంది. మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట నడిచాక కాయిల్ కాగిపోయి బలం తగ్గుతుంది. అప్పుడు ఒకసారి వదిలిన ప్లేటును మళ్ళీ పట్టుకోలేదు. బండి ఇంటి దగ్గర చల్లారాక మళ్ళీ మామూలే. శ్రీనివాసరావుగారు మొదటిరోజు చెప్పిన మూడు వాక్యాలూ ఇవే. ప్లేటు వెనక, సరైన ఎడం ఉండేందుకు పెట్టే పల్చటి వాషర్లు ఉంటాయి. వాటిలో ఒకటి తీసేసి ప్లేటు బిగించాను. గేజితో చుట్టూ కొలిచాను. నేను అదనంగా పట్టించిన గ్యాస్ తీసేశాను. మొత్తం గంటన్నర పని. కంప్రెసర్‌లో ఏ లోపమూ లేదు.

తర్వాతి డయాలసిస్ రోజున ఇంటికి చేరగానే ఫోన్ చేయమని శ్రీనివాసరావుగారికి చెప్పాను. ఆ రోజు ఒంటిగంట నుంచి నేను ఏ పనీ చేయలేదు. ఫోన్ ఆవిడే చేశారు.

“ఇంటికొచ్చేశామండీ. దారంతా చలేసింది. ఇకనుంచి దుప్పటి తెచ్చుకోవాలి!” అన్నారు. ఆ వేసవిలో ఆవిడ మళ్ళీ ఒక్క డయాలసిస్ కూడా మానలేదు.

మీకు చెప్పేదేమిటంటే, బండి ఎక్కడ మొరాయిస్తుందో అక్కడికి మీరు వెళ్ళండి. షెడ్డులో బాగున్నంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు. ఏ టైముకి, ఎంత దూరానికి, ఏ ఎండలో అని అడిగి రాసుకోండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళను కూడా అడగండి. వాళ్ళకు పేర్లు తెలియకపోవచ్చు గానీ మనకంటే ఎక్కువసేపు ఆ బండిని విన్నారు. తెలియనప్పుడు తెలియలేదనండి, గ్యాస్ అనకండి. మీ ఒంట్లో ఏదైనా తగ్గితే పక్కవాళ్ళకు చెప్పండి. నేను చెప్పకపోవడం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

ముందు సీట్లో

ఆవిడ నన్ను వదల్లేదు. వారానికోసారి ఫోన్ చేసి, “చెవులు చూపించుకున్నారా?” అని అడిగేవారు. పని ఎక్కువగా ఉందని నేను పాత పాటే పాడాను. ఒకరోజు పొద్దున్నే కారు మా షెడ్డు ముందు ఆగింది.

“ఎక్కండి,” అన్నారు సరోజినిగారు. “నేను వారానికి మూడుసార్లు వెళ్తున్నా. మీరు ఒక్కసారి రాలేరా?”

చేతులు తుడుచుకుని కారెక్కాను. ఆవిడ డయాలసిస్‌లో ఉండగా అదే హాస్పిటల్లో నా చెవులకు పరీక్ష చేశారు. కొన్నాళ్ళకు మళ్ళీ వాళ్ళ కారులోనే వెళ్ళి చెవి మిషన్లు పెట్టించుకున్నాను. ఆ రోజు ఒంటిగంటకు ముగ్గురం తిరుగుప్రయాణానికి కారెక్కాం. ఆవిడ మందుల కవరు గరగరమంటుంటే అంత చప్పుడు చేస్తుందా కవరు అనిపించింది. సీటు బెల్టు పెట్టుకుంటుంటే దాని చప్పుడు, శ్రీనివాసరావుగారి చేతి గడియారం చప్పుడు. ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక అటూ ఇటూ చూస్తున్నాను.

ఇంజన్ స్టార్ట్ చేసి శ్రీనివాసరావుగారు ఏసీ స్విచ్ నొక్కారు.

టక్.

రహీమ్ భాయ్ కళ్ళు మూసుకోమన్న రోజు ఎంత చిన్నగా ఉందో అంతే చిన్నగా ఉంది. ఆయన టీ గ్లాసు, ఆయన తిట్లు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. చల్లగాలి మొదలైంది. శ్రీనివాసరావుగారు గేరు వేయకుండా ఆగారు.

వెనకనుంచి సరోజినిగారు కళ్ళు తెరవకుండానే అన్నారు. “బదులు చెప్పండి మేస్త్రీగారూ. ఈసారి మీకు వినపడింది.”

“వాలేకుం సలాం,” అన్నాను. నా గొంతు కూడా నాకు కొత్తగా వినపడింది.